కింది గడి

చెరువుల్లో రొయ్యల పట్టుబడి అయిన మర్నాడు మా ఇంటికి రెండు కేజీలు వస్తాయి. గణపవరం దగ్గర మా చెరువుల్లోవే. తెల్లారేసరికి బకెట్టు పెరటి గుమ్మంలో ఉంటుంది, అక్కడి నుంచి పని నాది. తల తుంచి, డొప్ప ఊడదీసి, వీపు మీద చాకు మొనతో గీరి, నల్లటి నరాన్ని తెగకుండా లాగేయాలి. తెగిందంటే కూరలో ఇసుక తగులుతుంది, ఇసుక తగిలిందంటే భోజనాల దగ్గర ఒక చిన్న నిశ్శబ్దం వస్తుంది. ఏడు గంటల ప్యాసింజరు అందుకోవాలంటే ఆరున్నరకల్లా కూర పొయ్యి దిగాలి. తణుకు కాపురానికి వచ్చిన పదహారేళ్లుగా నా తెల్లవారుజాములు ఇలాగే మొదలవుతున్నాయి.

ఆ సోమవారం ఒక రొయ్య నా అరచేతిలో ముడుచుకుని పడుకుంది. దాన్ని చూస్తుంటే ఆ రోజు క్లాసులో చెప్పాల్సిన పాఠం గుర్తొచ్చింది. మెదడు లోపల, చెవులకి సూటిగా, అటొకటి ఇటొకటి, సరిగ్గా ఇలాగే ముడుచుకున్న భాగాలు రెండుంటాయి. హిప్పోక్యాంపస్ అంటారు. కొత్త జ్ఞాపకం ఏదైనా నిలబడాలంటే వాటి దయ ఉండాలి. పుస్తకాల్లో దాన్ని సముద్రపు గుర్రంతో పోలుస్తారు. మా క్లాసు పిల్లలెవరూ సముద్రపు గుర్రాన్ని చూసి ఎరగరు, నేనూ ఎరగను. రొయ్య అని చెబితే జన్మలో మర్చిపోరు. ఇలా అనుకుంటుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, నేను మాత్రం పెరట్లో లేను. అరచేతిలో ఉన్నది నా జ్ఞాపకమే అయితే, డొప్ప తీస్తే లోపల ఏముంటుందా అనుకున్నాను. భీమవరంలో మా పుట్టింటి డాబా మీద వానలో రెండు చేతులూ చాపి తిరిగిన పదేళ్ల పిల్ల ఇంకా అక్కడే తడుస్తూ ఉంటుందా, లేకపోతే ఎవరికి ఉప్పు ఎక్కువ, ఎవరికి కారం తక్కువ అన్న పట్టిక ఒకటే మిగిలి ఉంటుందా? ఆ పిల్ల కనిపిస్తే ఏం మాట్లాడాలో కూడా తెలియలేదు. పంపు కింద పెట్టిన గిన్నె నిండి నీళ్లు కాళ్ల దాకా వచ్చాయి, చల్లగా హాయిగా ఉంది, కాళ్లు తీసుకోవాలనిపించలేదు.

నేను రాజమండ్రిలో ఒక నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌ని. మానసిక రోగుల సేవ గురించి చెబుతాను. భ్రమలు ఎలా ఉంటాయో పుస్తకం చదివి వినిపిస్తే పిల్లలు నిద్రపోతారు కాబట్టి క్లాసులో నేనే రోగిగా నటిస్తాను. ఆ నటనకి ఇంట్లో ఎక్కడో అక్కడ రిహార్సల్ కావాలి కదా. తల కాస్త దించి, గొంతు తగ్గించి, రొయ్యలకే చెప్పాను.

"మా అత్తగారు నా అన్నంలో మందు కలుపుతున్నారండి. నాకు తెలుసండి. మా ఆయనకీ తెలుసండి. అందరూ కలిసే చేస్తున్నారండి."

వెనక స్టీలు గ్లాసు కింద పడింది. తిరిగి చూస్తే మా అత్తగారు వరలక్ష్మమ్మగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. కాఫీ గచ్చు మీద పారుతోంది.

"పాఠం అత్తయ్యగారూ," అన్నాను నవ్వుతూ. "ఇవాళ క్లాసులో చెప్పాలండి."

"పాఠమా అమ్మా," అన్నారావిడ. నా మొహంలోకి కాసేపు చూశారు. "అలాగే లెండి. ముందా పంపు కట్టేయండమ్మా, నీళ్లు పోతున్నాయి. ఈమధ్య మీకు పరధ్యానం మరీ ఎక్కువైపోయింది."

మా ఇంట్లో ఎవరూ ఎవరినీ నువ్వు అనరు. చంటిపిల్లల్ని కూడా మీరు అనే పిలుస్తారు. పెళ్లయినప్పటి నుంచి మా ఆయన శ్రీనివాసరాజు నన్ను ఒక్కసారి కూడా ఏకవచనంలో పిలవలేదు. కాలేజీలో తోటి ట్యూటర్లు ఇది విని ముచ్చటపడిపోతారు, ఎంత అదృష్టమండీ మీది అంటారు. వాళ్లకి ఎలా చెప్పను? ఏకవచనంలో తిట్టించుకుంటే కనీసం తిట్టించుకున్నామని తెలుస్తుంది. "అన్నం కాస్త పలుకుగా ఉందండి, మీకు తీరిక దొరకలేదేమో" అంటే ఏమని బదులివ్వాలి? "మీరు అలసిపోతారని కాదండీ, పోనీ మానేయొచ్చుగా ఆ ఉద్యోగం" అంటే కోపం ఎవరి మీద తెచ్చుకోవాలి? చుట్టాలు వస్తే మా అత్తగారు "కోడలు కాలేజీలో లెక్చరరండి" అంటారు. ఏ కాలేజీ అని ఎవరైనా అడిగితే మాట మార్చేస్తారు. నర్సు అన్న మాట మా ఇంటి గుమ్మం తొక్కకూడదు. కాలేజీ కరస్పాండెంటుగారు ఇంకో రకం. "రాజులింటి వాళ్లు, కాలక్షేపానికి వస్తున్నారు" అని నా ఎదురుగానే అందరికీ పరిచయం చేస్తారు. ఇంట్లో దాచుకోవాల్సిన ఉద్యోగం, కాలేజీలో కాలక్షేపం. ఈ రెంటి మధ్యా ఒక రైలు ఉంది, ఆ రైలు దారిలో గోదావరి ఉంది. నేను ఉండేది అక్కడ.

ఆ సోమవారం కూడా కిటికీ పక్క సీటు దొరికింది. నిడదవోలు దాటాక పరధ్యానం అన్న మాట పట్టుకుని కూర్చున్నాను. హైస్కూల్లో మా తెలుగు మాస్టారు మాటల్ని విడగొట్టించేవారు. పర అంటే ఇతరం. మరి పరధ్యానాన్ని ఎలా విడగొట్టాలి? వేరే ఎక్కడో ధ్యానమా, వేరే ఎవరి మీదో ధ్యానమా? చాగల్లులో ఎక్కినావిడ జామకాయల గంప నా కాళ్ల దగ్గర పెట్టింది, పశివేదల దాకా ఆ వాసనలో ఆలోచన చెదిరిపోయింది. ఇంతలో కొవ్వూరు వచ్చేసింది.

కొవ్వూరు దాటితే వంతెన. రైలు చప్పుడు మారిపోతుంది, పెట్టెలో మాటలు వాటంతటవే తగ్గిపోతాయి, కొందరు చిల్లర నాణెం నీళ్లలోకి విసిరి దణ్ణం పెట్టుకుంటారు. ఆ కాసిన్ని నిమిషాలూ నన్ను ఎవరూ ఏమీ అడగరు. వంతెన కింద ఇసుక లంక ఒకటి ఉంది. కార్తీకం దాకా రెల్లు పూసి తెల్లగా ఉంటుంది. ఆ లంకలో నాకో ఇల్లుంది. ఎప్పుడు కట్టానో గుర్తులేదు, ఒక్కో రోజు ఒక్కో వస్తువు చేర్చుకుంటూ వచ్చాను. ఒక నులక మంచం, ఒక కంచం, ఒక గ్లాసు. రెండో కంచం పెట్టాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించి వద్దనుకున్నాను. అక్కడ అన్నం వేడిగా ఉండగానే తింటాను. తిన్నాక మంచం మీద వెల్లకిలా పడుకుంటే నా పైనుంచి రైలు వెళుతుంది, అందులో కిటికీ పక్కన ఒకావిడ కూర్చుని పెదాలు కదుపుతూ కనిపిస్తుంది. పాపం ఎవరో అనుకుంటాను. నీళ్లు రెండు పాయలుగా చీలి లంక చుట్టూ తిరిగి మళ్లీ కలుస్తుంటాయి, ఆ చప్పుడులో నా గొంతు నాకు వినిపిస్తుంది. అది ఏదో చెబుతూ ఉంటుంది. పూర్తిగా వినేలోపు గోదావరి స్టేషన్ వచ్చేస్తుంది. ఒక్కో రోజు కళ్లు తడిసి ఉంటాయి. ఎందుకో నాకు తెలియదు, తెలుసుకునే తీరికా లేదు.

క్లాసులో రొయ్య బొమ్మ వేయగానే నలభై మందీ పగలబడి నవ్వారు. నవ్వనివ్వండి, పరీక్షలో గుర్తొస్తుంది. దాని ముందు బాదం గింజంత భాగం ఒకటి గీశాను, భయం పుట్టేది అక్కడ. నుదుటి వెనక భాగం గీశాను, అనాలనుకున్న మాటని నోట్లోనే ఆపేసేది అది. కుడి మెదడునీ ఎడమ మెదడునీ కలిపే నరాల కట్ట గీసి, "ఇది మన రాజమండ్రి వంతెన" అన్నాను. దుర్గాశ్రీ చెయ్యెత్తింది. ముందు బెంచీలో కూర్చునే పిల్ల, అనుమానం వస్తే ఆగదు.

"మేడమ్, ఏ పనీ చేయకుండా ఊరికే కూర్చుంటే మెదడు రెస్టు తీసుకుంటుందా అండీ?"

"లేదమ్మా. అప్పుడే మెదడులో కొన్ని భాగాలు ఎక్కువ పని చేస్తాయి. బయట పనేమీ లేదు కదాని అప్పుడది తన గురించి తాను ఆలోచించుకుంటుంది. ఏం జరిగింది, ఏం జరగబోతోంది, నేనెవరిని అని."

"అయితే మా అమ్మకి ఆ భాగాలు పని చేసే చాన్సే లేదండి," అంది వెనక నుంచి రెబెక్కా. కొత్తపేట వైపు లంక గ్రామం నుంచి వచ్చిన పిల్ల. మాట తక్కువ, రాత ముత్యాల్లా ఉంటుంది. అందరూ మళ్లీ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ ఆ మాట నాతో మధ్యాహ్నం దాకా నడిచొచ్చింది. తర్వాత భ్రమల పాఠం. తల దించి, గొంతు తగ్గించి, అన్నంలో మందు కలుపుతున్నారండి అని చెబితే పిల్లలు నోట్లో చున్నీ కుక్కుకుని నవ్వాపుకున్నారు. నవ్వు అయ్యాక కేస్ షీట్ రాయడం నేర్పాను. ఇబ్బంది ఏంటి, ఎన్నాళ్ల నుంచి, పెరుగుతోందా తగ్గుతోందా. ఈ మూడూ ఈ వరసలోనే అడగాలి.

మా పిల్లలకి మధ్యాహ్నం పూట పోస్టింగ్ ఊళ్లోనే ఒక మానసిక వైద్యుడి ఆసుపత్రిలో. డాక్టర్ గారి గది ముందు చిన్న గది, అందులో ఒక బల్ల. రోగి వివరాలు మా పిల్లలు రాసి లోపలికి పంపుతారు. కేస్ షీట్‌లో పేరూ ఊరూ అయ్యాక ఒకదాని కింద ఒకటి రెండు గళ్లుంటాయి. పై గడిలో వెంట వచ్చినవాళ్లు చెప్పినది రాయాలి. కింది గడిలో రోగి చెప్పినది, రోగి మాటల్లోనే, ఒక్క ముక్క మార్చకుండా రాయాలి. పై గడి ఎప్పుడూ నిండిపోతుంది, మాటలు అంచు దాటి పక్కకి పాకుతాయి. కింది గడి అలా కాదు. రోగి మాట్లాడదు, లేదా వెంట వచ్చినవాళ్లు మాట్లాడనివ్వరు, లేదా బయట ఇంకా పదిమంది ఎదురుచూస్తుంటారు. అప్పుడు పిల్లలు కింది గడిలో రెండు చిన్న గీతలు పెడతారు. డిటో అన్నమాట. పైన ఉన్నదే ఇక్కడా అని.

ఆ రోజు రెబెక్కా ముందు కూర్చున్నావిడ పేరు వెంకటదుర్గ. ముప్ఫై ఏళ్లుంటాయి. పక్కన భర్త నిలబడి చెబుతున్నాడు.

"వండదండి. పిల్లల్ని పట్టించుకోదండి. గోడకేసి చూత్తా కూచుంటాదండి. ఏంటే అంటే పలకదండి. మా అమ్మ ముసల్ది, ఎన్నాళ్లు చేత్తాదండి?"

రెబెక్కా అంతా రాసింది. తర్వాత ఆవిడ వైపు తిరిగి, "అక్కా, మీకేం ఇబ్బందిగా ఉంది?" అని అడిగింది. ఆవిడ చేతిలోని చీర కొంగు కొసని మడత పెడుతోంది, విప్పుతోంది, మళ్లీ మడత పెడుతోంది. అయిదు నిమిషాలు గడిచాయి. నా తిరుగు రైలు నాలుగున్నరకి. ఇంటికెళ్లి మా అమ్మాయి గీతికని ట్యూషన్‌కి పంపాలి, పదో తరగతి.

"మేడమ్, ఆవిడేమీ చెప్పట్లేదండి. కింది గడిలో ఏం రాయమంటారు?"

నేను గడియారం చూసుకున్నాను. "డిటో పెట్టెయ్యమ్మా," అన్నాను.

రెబెక్కా రెండు గీతలు పెట్టింది. కింద నేను సంతకం చేశాను. చేస్తుంటే వెంకటదుర్గ తలెత్తి నన్ను చూసింది. ఏదో అనబోయినట్టు పెదాలు విడివడ్డాయి. నేను అప్పటికే బ్యాగు భుజాన వేసుకున్నాను. తిరుగు ప్రయాణంలో వంతెన మీద నా లంక నాకు దక్కలేదు. అక్కడ మంచం మీద వెంకటదుర్గ కూర్చుని ఉంది.

ఇంటికి వచ్చేసరికి రొయ్యల కూర గిన్నె మూత తీయకుండా ఉంది. మా అత్తగారు పెరుగన్నం తిన్నారట. మర్నాడు ఉదయం నేను టిఫిన్‌కి కూర్చోగానే ఆవిడే వచ్చి నాకు ఇడ్లీ వడ్డించారు. వడ్డించే ముందు నా కళ్లెదురుగా ఒక ముక్క తుంచి తను తిని, "చూశారు కదమ్మా" అన్నారు. కాపురానికి వచ్చాక ఆవిడ నాకు వడ్డించడం అదే మొదటిసారి. నవ్వాలో ఏడవాలో తెలియక ఇడ్లీ తిన్నాను. ఆ వారమంతా అలాగే జరిగింది. నాలుగుసార్లు చెప్పాను పాఠమని. చెప్పిన ప్రతిసారీ ఆవిడ మొహం ఇంకా జాలిగా అయ్యేది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆయన నన్ను హాల్లోకి పిలిచి కూర్చోమన్నారు.

"ఏమనుకోకండి హైమా. అమ్మగారు భయపడుతున్నారు. మీలో మీరు మాట్లాడుకుంటున్నారట. రైల్లో కూడా పెదాలు కదుపుతున్నారని మన వీధిలో వాళ్లు చెప్పారు."

"క్లాసు మననం చేసుకుంటానండి."

"సరేనండి, క్లాసే అనుకుందాం. పిలిస్తే పలకరు, పంపు కట్టరు. ఇది పని ఒత్తిడి అండి, మీ తప్పేం లేదు. మంగళవారం రాజమండ్రిలో డాక్టర్ గారి దగ్గర టైము తీసుకున్నాను. మీకు తెలిసిన ఆసుపత్రేనట, మొహమాటం ఉండదు." టీపాయ్ మీద ఒక కాగితం పెట్టారు. "ఇదీ టైప్ చేయించాను. డాక్టర్ గారు రెస్టు అనగానే సంతకం పెట్టేస్తే, వచ్చేటప్పుడు కాలేజీలో ఇచ్చేసి రావచ్చు."

కుటుంబ కారణాల వల్ల నా ఉద్యోగానికి రాజీనామా చేయుచున్నాను. నా పేరు, తేదీ, సంతకానికి ఖాళీ.

"వచ్చే నెల అమ్మగారికి మోకాళ్ల ఆపరేషన్ కూడా ఉంది కదండి," అన్నారు లేస్తూ. "ఇంట్లోనే నర్సుని పెట్టుకుని బయట మనిషిని వెతుక్కోవడం బాగోదు."

చుట్టాల ముందు లెక్చరర్‌ని, మోకాళ్ల ముందు నర్సుని. మా ఇంటి గుమ్మం తొక్కకూడని మాట అంత మర్యాదగా లోపలికి రావడం చూసి నాకు నవ్వొచ్చింది. పైకే నవ్వాను. మా ఆయన, తలుపు దగ్గర నిలబడ్డ మా అత్తగారు ఒకరినొకరు చూసుకున్నారు. ఊరికే నవ్వడం కూడా ఒక లక్షణమే మరి.

రానని అనొచ్చు. కానీ నాకే జబ్బూ లేదనే రోగి గురించి, తన స్థితి తనకి తెలియడం లేదు అని రాయమని పిల్లలకి నేర్పింది నేనే. కాదంటే ఒక లక్షణం, ఏడిస్తే ఒక లక్షణం, మౌనంగా ఉంటే ఇంకోటి. నేను గీసిన గళ్లలోకి నేనే వెళ్లి పడ్డాను. ఆ రెండు రోజులూ గిన్నెలు తోముతూ, బట్టలు ఆరేస్తూ, గీతిక చేత సైన్సు అప్పజెప్పించుకుంటూ నన్ను నేను పరీక్ష చేసుకున్నాను. నాకేం కాలేదు అని ధైర్యంగా చెప్పగలనా? చెప్పలేను. కళ్లు తడుస్తున్నాయి, అది నిజం. అన్నం రుచి తెలియక చాలా రోజులైంది, అదీ నిజం. డాక్టర్ దగ్గరికి వెళ్లడానికి నాకు సిగ్గు లేదు, సిగ్గుపడకూడదని చెప్పి బతుకుతున్నదాన్ని. భయం ఒక్కటే. ఉద్యోగం పోతే వంతెన పోతుంది. వంతెన పోతే ఆ కాస్త గొంతు కూడా ఇక వినిపించదు. అది ఏం చెబుతోందో ఒక్కసారైనా చివరిదాకా వినకుండానే పోతుంది.

మంగళవారం కారులో వెళ్లాం. మా ఆయన రైలు వద్దన్నారు. కారు వంతెన మీద వెళ్తుంటే ఆయన ఫోన్‌లో చెరువుల్లో గాలి ఆడించే ఏరేటర్ల గురించి మాట్లాడుతున్నారు. నేను లంక కోసం చూశాను. మంచం ఖాళీగా ఉంది.

ముందు గదిలో బల్ల వెనక రెబెక్కా కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. "మేడమ్, ఇవాళ మాకు మీరు..." అంటూనే నా చేతిలో ఓపీ చీటీ చూసి ఆగిపోయింది. నేను బల్లకి ఇవతలి వైపు, వెంకటదుర్గ కూర్చున్న స్టూలు మీద కూర్చున్నాను. ఆ స్టూలుకి ఒక కాలు పొట్టి. ఇన్నాళ్లూ నాకు తెలియదు.

"దుర్గాశ్రీని పిలవమంటారా మేడమ్?" అంది మెల్లగా.

"వద్దమ్మా. నువ్వే రాయి."

మా ఆయన పక్క కుర్చీలో కూర్చుని, చేతిలో ఫైలు బల్ల మీద పెట్టి, చాలా మర్యాదగా మొదలుపెట్టారు.

"మా మిసెస్ అండి. మీకు తెలిసే ఉంటుంది. చాలా మంచివారండి, వంటా అదీ బాగా చేస్తారు. కానీ ఈమధ్య పరధ్యానం ఎక్కువైందండి. పిలిస్తే పలకరు. తనలో తనే మాట్లాడుకుంటారు. ఉన్నట్టుండి నవ్వుతారండి. అమ్మగారు అన్నంలో మందు కలుపుతున్నారని కూడా అంటున్నారు. నాకూ తెలుసట, అందరం కలిసే చేస్తున్నామట."

రెబెక్కా పెన్ను ఆగింది. తలెత్తి నా వైపు చూసింది. ఆ మాటలు విని ఎనిమిది రోజుల కిందట చున్నీ నోట్లో కుక్కుకున్న పిల్లే. ఆ పిల్ల మొహంలో నవ్వు లేదు. నేను ఒక్క మాట అంటే చాలు, ఇదిగో ఈ అమ్మాయే సాక్ష్యం, అది పాఠమే అని తేలిపోతుంది. కానీ అంతదాకా వచ్చాక పాఠమని రుజువు చేసుకోవడం నాకు పెద్ద అవసరంగా తోచలేదు. అది తేలితే పై గడిలో ఒక వాక్యం కొట్టేస్తారు, అంతే కదా. కింది గడి మాటేంటి?

పై గడి నిండిపోయింది. అక్షరాలు అంచు దాటాయి. రెబెక్కా కింది గడి మీద పెన్ను పెట్టి నా వైపు తిరిగింది.

"ఆవిడ చెప్పేదీ అదేనండి," అన్నారు మా ఆయన వాచీ చూసుకుంటూ. "డిటో పెట్టేయండి, డాక్టర్ గారి టైము వృథా ఎందుకు."

నా మాట. నా మాటే ఆయన నోట్లోంచి వచ్చింది. చెవుల వెనక వేడిగా అనిపించింది. ఎవరి మీదో కోపం కాదు, సిగ్గు. రైలు అందుకోవడం కోసం ఒక మనిషి నోరు నొక్కేసి సంతకం పెట్టాను. ఆవిడ పెదాలు విడివడటం చూసి కూడా లేచిపోయాను. రెబెక్కా నన్నే చూస్తోంది. విద్యార్థి టీచర్ని చూసినట్టే చూస్తోంది, ఏం చేయమంటారు మేడమ్ అని. నేను తల అడ్డంగా ఊపాను.

ఆ పిల్ల గొంతు సవరించుకుంది. "సార్, కాసేపు బయట కూర్చుంటారా అండి?"

"పర్లేదండి, నా దగ్గర ఆవిడకి మొహమాటం లేదు."

"నిజమేనండి. కానీ దయచేసి ఒక్క పది నిమిషాలు కూర్చోండి సార్. బయట ఫ్యాను కూడా ఉందండి."

మా ఆయన లేచారు. అంత మర్యాదగా అడిగితే కాదనడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు. తలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడి నా వైపు చూశారు, జాగ్రత్తగా చెప్పండి అన్నట్టు. తలుపు మూసుకుంది.

బయట ఆటోల చప్పుడు ఎక్కడో దూరంగా, నీళ్ల అడుగు నుంచి వింటున్నట్టు వినిపిస్తోంది. స్టూలు కాస్త ఊగింది. వంతెన మీద పెట్టె ఊగినట్టే ఊగింది. కిటికీలోంచి పడిన ఎండ బల్ల మీద తెల్లగా పరుచుకుని ఉంది, రెల్లు పూసిన రంగులో. నా గొంతు మళ్లీ నాకు వినిపించసాగింది. ఈసారి గోదావరి స్టేషన్ రాదు కదా అనుకున్నాను.

"రెబెక్కా, వెంకటదుర్గ మళ్లీ ఎప్పుడు రావాలి?"

"వచ్చే మంగళవారం మేడమ్."

"ఆవిడ షీటు తీసి ఉంచు. ఆ రెండు గీతలు నేను పెట్టించినవి, నేనే కొట్టేస్తాను. ఆ రోజు ఆవిడ మాట్లాడేదాకా కూర్చుంటాను. సాయంత్రమైనా సరే."

"అలాగే మేడమ్." ఆ పిల్ల కళ్లు తుడుచుకుని కింది గడి వైపు చూసింది. "ఇది చిన్నదండి. సరిపోదేమో."

బల్ల మీద మా ఆయన ఫైలు ఉంది. అందులోంచి రాజీనామా కాగితం తీశాను. సంతకం చోటు ఖాళీగా ఉంది. తిరగేసి, తెల్లటి వైపు పైకి పెట్టి, రెబెక్కా ముందుకి జరిపాను.

"దీని మీద రాయి. ఇంక దేనికీ పనికిరాదు ఇది."

రెబెక్కా కాగితాన్ని అరచేత్తో చదును చేసింది. నేను నేర్పిన వరసలోనే అడిగింది. "చెప్పండి మేడమ్, మీ మాటల్లోనే. ఇబ్బంది ఏంటి? ఎన్నాళ్ల నుంచి? పెరుగుతోందా, తగ్గుతోందా?"

"పరధ్యానం," అన్నాను.

ఆ పిల్ల తెల్లబోయి తలెత్తింది. పై గడిలో ఉన్న మాటా అదే మరి.

"రాయమ్మా, పరధ్యానమే. పరధ్యానం అంటే పరుల మీద ధ్యానం. పదహారేళ్లుగా ఉంది. ఈమధ్యే తగ్గుతోంది."